పోలయ్య చెప్పిన పసుపు కథ

తెల్లకారును తాడు కట్టి ఈడ్చుకొచ్చి ఖిదిర్‌పూర్ సందులో పోలయ్య షెడ్డు ముందు వదిలేసరికి మధ్యాహ్నమైంది. బోనెట్ ఇంకా సగం తెరిచే ఉంది. లోపల ఇంజను మీదా బ్యాటరీ మీదా తుప్పు రంగు నీళ్ళు చిమ్మి ఎండిన మరకలు. పోలయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

ఆ పొద్దున్నే ప్రదీప్‌కుమార్ ఈ కారులో పిల్లల్ని భవానీపూర్‌లోని బడికి తీసుకెళ్తూ అలీపూర్ దగ్గర ఆగిపోయాడు. వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. పిల్లల్ని దింపి దూరంగా ఫుట్‌పాత్ మీద నిలబెట్టాడు. అంతవరకూ బుద్ధిగానే చేశాడు. ఆ తరవాత బడి గంట కొట్టేస్తారన్న కంగారులో చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత తిప్పేశాడు. లోపల సలసల కాగుతున్న నీళ్ళు ముఖం మీద, మెడ మీద, కుడిచేతి మీద విరుచుకుపడ్డాయి. కళ్ళు దక్కాయని పెద్దాసుపత్రి డాక్టర్లు చెప్పారు. చేతి సంగతి మాత్రం కొత్త చర్మం పట్టాక గానీ చెప్పలేమన్నారు.

ప్రదీప్‌కుమార్ పోలయ్యకు సొంత మేనల్లుడేం కాదు. ఒకే లైనులో, పక్కపక్క గదుల్లో ఉండే మనుషులు. వాడి తల్లి అమ్మన్నమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది. మొగుడు చేసిన పనే, అతను పోయాక ఆమెకిచ్చారు. పోలయ్యను నోరారా అన్నయ్యా అని పిలుస్తుంది, కొడుకు చేత మామా అని పిలిపిస్తుంది. చీపురు పట్టించకుండా కొడుకును స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాలన్నది ఆమె పంతం. ఆ పంతం నెరవేర్చి, పిల్లల్ని బడికి చేరవేసే పూల్‌కార్లు తిప్పే దత్తబాబు దగ్గర వాడికి ఉద్యోగం వేయించింది పోలయ్యే.

ఆ దత్తబాబు కారు వెనకాలే ఆటోలో దిగాడు. మంచివాడే గానీ భయపడ్డప్పుడు మంచితనం ముందు పారిపోతుంది ఆయనకు. పిల్లల తల్లిదండ్రులు పొద్దుటినుంచీ ఫోన్లో దులిపేస్తున్నారు.

"రోజూ నీళ్ళు చూసుకునేవాడి బండి ఇలా ఉడికిపోతుందా?" అన్నాడు బెంగాలీలో. "వాడి నిర్లక్ష్యమే అయితే జన్మలో నా బండి ముట్టనివ్వను. ఇంకెవరి బండీ ఎక్కనివ్వను. నువ్వు విప్పి చూడు పోలయ్యా. రేపు సాయంత్రం వస్తాను. నువ్వు ఏం చెబితే అదే."

నువ్వు ఏం చెబితే అదే! ఆ మాట మామూలు రోజున విని ఉంటే పోలయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఆవేళ మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆసుపత్రి మంచం మీదున్న కుర్రాడి అన్నం, పేరు, రెండూ ఇప్పుడు తన నాలుక చివరన ఉన్నాయి. పైగా అది ఎలాంటి నాలుకో లైనులో అందరికీ తెలుసు.

పోలయ్య నోట్లో నువ్వుగింజ నానదు. తండ్రి శ్రీకాకుళం అవతలినుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు, నోరు విప్పి నాలుగు మాటలాడి ఎరగడు. ఆ బాకీ అంతా కొడుకు తీర్చాడు. పోలయ్య ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు. ఇంట్లో తెలుగు, బేరానికి బెంగాలీ, తిట్టడానికి హిందీ. చదవడం మాత్రం ఏ భాషలోనూ సరిగా రాదు. ఇత్తడి రేడియేటర్ల కాలంలో ఒక ముసలి ఉస్తాదు దగ్గర పని పట్టాడు. గొట్టాల్లో పలుచటి ఇనపపట్టీ దూర్చి మడ్డి తియ్యడం, నీళ్ళతొట్టిలో ముంచి గాలి కొట్టి బుడగ ఎక్కణ్ణించి లేస్తుందో చూడడం, ఆ చిల్లికి మాటు వెయ్యడం, ఇదే పని. పసుపు టాక్సీలన్నీ ఆ షెడ్డు చుట్టూ తిరిగిన రోజులున్నాయి. ఇప్పుడు టాక్సీలూ పోతున్నాయి, ఇత్తడీ పోయింది. వచ్చేవన్నీ అల్యూమినియం జాలీలు, పైనా కిందా ప్లాస్టిక్ డబ్బాలు. మాటు అంటదు. పాడైతే విసిరి కొత్తది పెట్టమంటారు. పోలయ్య మాత్రం విసరడు. విప్పుతాడు, కడుగుతాడు, మళ్ళీ బిగిస్తాడు. చేతులు పని చేస్తుంటే నోరు కథలు చెబుతూంటుంది. "ఊళ్ళో లీకులన్నీ ఆపుతాడు గానీ తన నోటి లీకు ఆపుకోలేడు" అని పెళ్ళాం సింహాచలమ్మ వేళాకోళం చేస్తుంది. వేళాకోళమే గానీ అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగాడు. పోలయ్య పనికి ఒక వరస ఉంది. బయట తప్పు లేదని తేలితే గానీ లోపలికి పోడు. ఆవేళ బయటే ఏదో ఒక తప్పు దొరకాలని పైడితల్లమ్మకు మొక్కుకుంటూ మొదలుపెట్టాడు. ముందు మూత. లోపలి రబ్బరు చిరిగి ఉంటే ఎంత బాగుండును! చిరగలేదు, స్ప్రింగు కూడా బిగువుగానే ఉంది. రబ్బరు గొట్టాలు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఎక్కడా బీట లేదు. ఫ్యాను తీగలు తెచ్చి బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది. బెల్టు బిగువుగానే ఉంది, పంపు ఇరుసూ వదులు కాలేదు. వేడెక్కాక తెరుచుకోవాల్సిన చిన్న వాల్వును ఊడదీసి పక్క టీకొట్టుకు పట్టుకెళ్ళి మరిగే నీళ్ళ గిన్నెలో వేశాడు. టీకొట్టువాడు గగ్గోలు పెట్టాడు, వాల్వు మాత్రం నిక్షేపంగా తెరుచుకుంది. ఆ నిక్షేపాన్ని చూసి పోలయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క వస్తువైనా పాడైపోకూడదా!

ఇక మిగిలింది జాలీ. దాని రెక్కల మధ్య దుమ్మూ, చచ్చిన పురుగులూ ఉన్నాయి గానీ కుంచెతో దులిపితే పోయేవే. కింద బిరడా తిప్పాడు. నీళ్ళు ధారగా రావాలి. రాలేదు. ఈనిన ఆవు దగ్గర మొదట పితికిన జున్నుపాలలాగా చిక్కగా, పచ్చగా ఒక చుక్కా, మరో చుక్కా పడింది. పోలయ్య చెయ్యి ఆగిపోయింది.

రేడియేటరు మొత్తం ఊడదీసి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. పైనుంచి గొట్టం పెట్టి నీళ్ళు వదిలితే కిందికి దిగలేదు, పైకే పొంగి మొహాన కొట్టింది. అప్పుడు బల్ల మీద పడుకోబెట్టి ప్లాస్టిక్ డబ్బా చుట్టూ ఉన్న అల్యూమినియం పళ్ళను పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తాడు. తొందరపడితే పన్ను విరుగుతుంది. మెల్లిగా, పసిపిల్ల చెవిపోగు తీసినట్టు తీసి, డబ్బా పైకెత్తాడు.

లోపలంతా పచ్చటి అడుసు. గొట్టాల మూతులు ఒక్కటి కూడా కనపడడం లేదు. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంతకాలం మరిగి మరిగి చచ్చినా వాసన చావలేదు. పసుపు.

పసుపు ఒక్కటే అయితే పోలయ్య మనసు డ్రైవరు మీదికే పోయేది. కానీ వేళ్ళకు ఇంకేదో తగిలింది. మెత్తగా, పొడుగ్గా. వెలుతురులో పెట్టి చూశాడు. బియ్యపు గింజ. ఉడికి, ఉబ్బి, పసుపు పట్టి అన్నమైపోయింది. ఒకటి కాదు, గొట్టాల మూతుల దగ్గర వరసకట్టి ఇరుక్కున్నాయి. ఏ డ్రైవరూ, ఎంత తలతిక్కవాడైనా, రేడియేటర్లో బియ్యం పొయ్యడు. అవి అక్షింతలు.

పోలయ్య బల్ల మీద చతికిలబడ్డాడు. వాటిని ఎవరు వేశారో అర్థం కావడానికి ఆయనకు పెద్ద ఆలోచన అవసరం కాలేదు. ఎందుకు వేశారో అర్థమయ్యాక మాత్రం చేతిలో గింజను గుప్పిట్లో దాచేశాడు.

పోయిన విశ్వకర్మ పూజనాడు షెడ్డులో పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టారు. లైనులో ఆడవాళ్ళు ప్రసాదానికి వచ్చారు. పదిమంది పోగైతే పోలయ్య ఊరుకుంటాడా? తన కథల్లో రాజులాంటి కథ తీశాడు. ఎప్పుడో బొంబాయి రోడ్డు మీద ఒక లారీ, అందులో తను. నట్టడివిలో రేడియేటరు కారిపోతోంది, మిస్త్రీ లేడు, మాటుకు సీసం లేదు. వంటమూటలోంచి గుప్పెడు పసుపు తీసి రేడియేటర్లో వేశాడు. పసుపు వెళ్ళి చిల్లిలో కూర్చుంది, లారీ ఖరగ్‌పూర్ చేరింది. ఇంతవరకూ నిజమే. పాత డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కాయే. ఇత్తడి గొట్టాలు లావుపాటివి, గుప్పెడు పసుపుకు పూడవు. చేరాక కడిగేసుకునేవాళ్ళు.

నిజం అక్కడ ఆగింది, పోలయ్య ఆగలేదు. "పసుపు పడ్డ రేడియేటరు ముత్తయిదువమ్మా! జల్మలో ఎండిపోదు. అందులోనూ మన అమ్మోరి పసుపయితే ఇంక ఆ బండి మిస్త్రీ మొగం సూడక్కర్లేదు" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. అమ్మన్నమ్మ మాత్రం నవ్వలేదు. ప్రసాదం చేతిలో అలాగే పట్టుకుని, "నిజవేనా అన్నయ్యా?" అంది.

"నిజం కాపోతే నా పేరు పోలయ్యే కాదు" అన్నాడు.

దారాల్లాంటి గొట్టాలుండే ఈ కొత్త జాలీల్లో పసుపు పడితే విషమని చెప్పడానికి ఒక్క మాట చాలు. కథ రుచి చెడుతుందని ఆ ఒక్క మాట మింగాడు. జీవితమంతా దాచుకోవాల్సినవన్నీ కక్కేసినవాడు, కక్కాల్సిన ఒక్కటీ మింగేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు.

మిగిలినదంతా ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది. రాత్రి లైను ముందే ఆపుకున్న కారుకు ప్రదీప్ పొద్దున్నే చల్లటి ఇంజను మీద మూత తీసి నీళ్ళు చూసుకుని, మూత పక్కన పెట్టి టీ తాగడానికి లోపలికి వెళ్తాడు. శుక్రవారం నాడు ఆమె పూజ పళ్ళెంతో బయటికి వస్తుంది. బోనెట్‌కు బొట్టు పెడుతుంది. పళ్ళెంలో పసుపు, నాలుగు అక్షింతలు గుప్పిట పట్టి కొడుకు చల్లగా ఉండాలని ఆ రంధ్రంలో వేస్తుంది. మొగుడు పోయిన నాటినుంచి తన ఒంటికి దూరమైన పసుపు అది. కొడుకు బండికైనా పనికొచ్చిందని ఎంత మురిసిపోయి ఉంటుందో! కొడుకు చూస్తే వేళాకోళం చేస్తాడని వాడికి చెప్పి ఉండదు. చెప్పి ఉంటే వాడే అరిచి ఆపేవాడు. నీళ్ళు పచ్చగా కనపడితే కూలెంటు మందు రంగనుకుని ఉంటాడు.

పోలయ్యకు మొదట ఆమె మీదే కోపమొచ్చింది. వట్టి మొద్దు మనిషి, అడగొద్దా! ఆ వెంటనే గుర్తొచ్చింది, అడిగింది. నిజవేనా అన్నయ్యా అని నోరు తెరిచి అడిగింది. ఆ తరవాత కోపం పెట్టుకోవడానికి చోటు మిగల్లేదు. బల్ల మీది జాలీ మీదకు వంగి, ముసలి మనిషి సిగ్గు లేకుండా ఏడ్చాడు.

ఏడుపయ్యాక ఆలోచించాడు. కుర్రాడు నీళ్ళు చూసుకోలేదని దత్తబాబుకు చెప్తే వాడి బతుకు అక్కడితో సరి, ఈ ఊళ్ళో పిల్లల బండి ఎవరూ ఇవ్వరు. ఉన్నదున్నట్టు చెప్తే వాడు బయటపడతాడు. కానీ కొడుకు ముఖం కాల్చింది తన చెయ్యేనని ఆ తల్లికి తెలిసిపోతుంది. తెలిశాక ఆమె బతికినా ఒకటే, చచ్చినా ఒకటే. అటు నుయ్యి, ఇటు గొయ్యి. మధ్యలో నిలబడ్డానికి ఒక్క మనిషి పట్టేంత చోటుంది. అందులోకి తనే దిగాలి.

జాలీ కడగడం మొదలుపెట్టాడు. వేడినీళ్ళు పోసి నానబెట్టి, సన్నటి నైలాన్ తీగతో గొట్టం గొట్టం పొడిచి, వెనకనుంచి గాలి కొట్టాడు. అక్షింతలను మాత్రం ముందే ఏరి, కాగితంలో కట్టి, గంగలో పారెయ్యడానికి జేబులో పెట్టుకున్నాడు. అమ్మవారివి, మురిక్కాలవలో వెయ్యడానికి మనసొప్పలేదు. పసుపు అడుసు కొంచెం రేకు మీద అలాగే ఉంచాడు, సాక్ష్యానికి.

సాయంత్రం దత్తబాబు వచ్చాడు.

"మీ డ్రైవరు తప్పేం లేదు బాబూ" అన్నాడు పోలయ్య. రేకు చూపించాడు. "పోయిన నెల సర్వీసుకొచ్చినప్పుడు చిన్న లీకు కనపడింది. తీరిక లేక పసుపేశాను. తరవాత కడుగుదామనుకుని మర్చిపోయాను. వాడు రోజూ నీళ్ళు చూస్తూనే ఉన్నాడు. పైకి నిండుగానే కనపడతాయి, లోపల దారి లేదు. నాదే తప్పు."

దత్తబాబు రేకు మీదికి వంగి చూశాడు. అరుస్తాడనుకున్నాడు పోలయ్య, అరిస్తే బాగుండేది. "పిల్లలెక్కే బండి పోలయ్యా" అన్నాడాయన మెల్లిగా. "నా మనవరాలూ అందులోనే వెళ్తుంది. అది తెలిసి వేశావా?"

దత్తబాబు తన బళ్ళన్నీ రేపటినుంచి వేరే చోటికి పంపుతానన్నాడు. ప్రదీప్‌ను చెయ్యి బాగయ్యాక రమ్మన్నాడు. ఆ రెండో మాట కోసమే కదా ఈ అబద్ధమంతా అని పోలయ్య తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నా మొదటి మాట గుండెలో ముల్లులా దిగబడే ఉంది. ఆయన నిష్ఠూరంగా చూసిన చూపు, ఇన్నేళ్ళ పనితనాన్ని ఒక్క తుడుపుతో తుడిచేసింది.

ఇంటికి వెళ్ళేలోపే కబురు వెళ్ళిపోయింది. సింహాచలమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటి, కొత్త జాలీలో నువ్వు పసుపేసినావా? ఓలమ్మో, ఎవులికి సెప్తావు! పసుపేసినోడిని సెప్పుచ్చుకు కొట్టాలని అనీవోడివి నువ్వే గదా!"

పోలయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె వెనకే వచ్చి పక్కన కూచుంది. తిట్టడానికే వచ్చింది గానీ తిట్టలేదు.

"నీ నోట్లో ఏదో నాన్తంది" అంది కాసేపటికి. "పెల్లయిన కాణ్ణించి నీ వాగుడుతో సచ్చినాను. ఇప్పుడు నువ్వు వాగకపోతే నాకు బయవేస్తంది."

ఆమెకు కూడా చెప్పలేదు. చెబితే బరువు సగమవుతుంది, నిజమే. ఆ సగం రేపు కుళాయి దగ్గరికి పోతుంది, ఎల్లుండికి అమ్మన్నమ్మ గుమ్మం ఎక్కుతుంది.

ప్రదీప్‌కు ఈ మాట దత్తబాబు నోటినుంచి చేరకముందే తనే చెప్పాలి. మర్నాడు చూడనిచ్చే వేళకు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాడు. కాలినవాళ్ళ వార్డు పై అంతస్తులో ఉంది. ప్రదీప్ ముఖం సగం గుడ్డల్లో ఉంది, కుడిచెయ్యి దూది మూటలా దిండు మీద ఉంది. అమ్మన్నమ్మ పక్కన కూచుని పల్చటి గంజి చెంచాతో పట్టిస్తోంది. పోలయ్యను చూడగానే లేవబోయి, "కూకో అన్నయ్యా" అని స్టూలు జరిపింది. ఆమె ముఖం చూడలేక పోలయ్య మంచం కోడు చూశాడు.

ప్రదీపే ముందు మాట్లాడాడు. పెదవులు సరిగా కదలడం లేదు. "నువ్వు ఎన్నిసార్లు సెప్పినావు మామా, ఏడి మీద మూత తియ్యొద్దని. నాను ఎదవని. నీ పేరు సెడగొట్టీసినాను."

అప్పుడైనా తిరిగి వెళ్ళిపోవాల్సింది. కానీ ఆ మాట విన్నాక ఊరుకోవడం పోలయ్య వల్ల కాలేదు.

"నీ తప్పు నేదురా" అన్నాడు. "బండి ఉడికిపోడానికి కారణం నాను. లీకుందని జాలీలో పసుపేసినాను. కడగడం మర్సిపోనాను. అది పూడిపోనాది. దత్తబాబుకి సెప్పీసినాను. నీ పని నీకుంది, సెయ్యి బాగయినాక రమ్మన్నాడు."

చెంచా గిన్నెకు తగిలి ఆగింది.

"పసుపా?" అంది అమ్మన్నమ్మ.

పోలయ్య రాత్రంతా ఎన్నో రకాలుగా అల్లుకున్నాడు. ఎప్పుడు వేశాడో, ఎందుకు వేశాడో, ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేలా అల్లుకున్నాడు. అబద్ధం దత్తబాబుకు సరిపోయింది, వీడికీ సరిపోతుంది. ఈ గదిలో పసుపు అన్న మాట పలికాక ఆమెకు ఇంకేం చెప్పక్కర్లేదన్న సంగతి మాత్రం తట్టలేదు. మేధావి!

"పసుపు మంచిదని గదా అన్నావన్నయ్యా" అంది ఆమె.

"పాత బళ్ళకమ్మా" అన్నాడు పోలయ్య గబగబా. "ఈ కొత్త వాటికి పడదు. ఓ సెంచాడేసినా పడదు. నానేసింది శానా ఎక్కువ. గుప్పిళ్ళతోటేసినాను. అంతా నాదే. ఇంకెవులు సెయ్యీ నేదు అందులో."

అక్కర్లేని ఆ చివరి మాట కూడా అనేశాడు. నోటి లీకు అంటే అదే. అమ్మన్నమ్మ తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. తరవాత దాన్ని చీరకొంగులో చుట్టి ఒళ్ళో దాచుకుంది.

మంచం మీంచి ప్రదీప్ అడిగాడు. "పడదని నీకు తెల్సే ఏసినావా మామా?"

"తెల్సే ఏసినాను."

"పిల్లలున్నారు మామా బండిలో. ఆళ్ళు దిగినాక గదా మూత తీసినాను. దిగకపోతే?" కళ్ళలో నీళ్ళు ఊరి గుడ్డ తడుస్తోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. "మూడు రోజుల్నించీ నన్ను నానే తిట్టుకుంటన్నాను. నువ్వు మా నాన్న నాంటోడివనుకున్నాను. ఎల్లిపో. ఇంక నా బండి ముట్టుకోకు. మా ఇంటికి రాకు."

పోలయ్య అమ్మన్నమ్మ వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. ఒక్క మాట, ఊరుకోరా అన్న ఒక్క మాట అంటుందేమోనని లోపల ఏ మూలో ఆశ ఉంది. మనిషన్నాక ఉంటుంది. ఆమె తలెత్తలేదు. గంజి మీద మీగడ కడుతుంటే దాన్నే చూస్తోంది. పోలయ్య లేచి బయటికి వచ్చేశాడు.

సగం మెట్లు దిగాక గోడకానుకుని కూచున్నాడు. ఇదే కదా కోరుకున్నది, కుర్రాడి పేరు నిలబడింది, ఇంకేం కావాలిరా నీకు అని తన్ను తాను కసురుకున్నాడు. నాన్న లాంటివాడివనుకున్నాను అన్నాడు వాడు. అనుకుంటున్న సంగతి ఈ రోజుదాకా చెప్పలేదు, వెధవ!

పైనుంచి అడుగుల చప్పుడైంది. అమ్మన్నమ్మ. ఆయనకు ఒక మెట్టు పైన కూలబడింది. చెయ్యి ఇంకా కొంగులోనే ఉంది. వచ్చేపోయేవాళ్ళు పక్కకు తప్పుకుని వెళ్తున్నారు.

"అచ్చింతలు కూడా ఉన్నాయా అన్నయ్యా, అందులో?" అంది చివరికి.

పోలయ్య తల ఊపాడు. ఇక అబద్ధమాడి లాభం లేదు.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు. "ఆడికి సెప్పకు" అంది. "నిన్ను ఆడు తిడితే నువ్వు పడగలవు. నాకు తెలుసు, పడతావు. నన్నయితే ఆడు ఏటీ అనడు. పోనీలేమ్మా అంటాడు. ఆ కాలిన మొగంతో పోనీలేమ్మా అంటే నాను పడలేనన్నయ్యా."

"సెప్పను" అన్నాడు పోలయ్య.

నిన్న తన ఇష్టంతో ఎత్తుకున్న మూట ఇది. ఈరోజు ఆమె రెండు చేతులతో ఎత్తి నెత్తిన పెట్టింది. దింపుకోవడానికి ఇక చోటు లేదు. బతికినన్నాళ్ళూ ఆ కుర్రాడు లైనులో ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్తాడు, తను చూస్తూ నిలబడాలి. పోలయ్యకు ఆమె మీద మళ్ళీ కోపమొచ్చింది. జాలి కూడా వచ్చింది. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు.

పైన గంట మోగింది, చూడవచ్చినవాళ్ళను వెళ్ళిపొమ్మని. అమ్మన్నమ్మ లేవలేదు.

"రేపు సుక్కురారం" అంది. "ఆడికి బాగయి ఇంటికొచ్చినాక కూడా సుక్కురారాలొస్తాయి. నాను పూజ మానీసినాననుకో, ఏటమ్మా ఎందుకు మానీసినావని అడుగుతాడు. అనుమానమొస్తాది. సెయ్యడానికి కూకున్నాననుకో, ఈ సెయ్యి పసుపు ముట్టదు." కొంగులోంచి చెయ్యి తీసి ఆయన ముందు పెట్టింది. "అన్నీ తెల్సినోడివి గదా అన్నయ్యా. నువ్వే సెప్పు. ఏటి సెయ్యమంటావు?"

పోలయ్య నోరు తెరిచాడు. అడగనివాళ్ళకు కూడా సలహా చెప్పే మనిషి, జీవితంలో మొదటిసారి ఏం చెప్పాలో తెలియక, తెరిచిన నోరు అలాగే మూశాడు. ఆమె చెయ్యి చాపుకుని జవాబు కోసం చూస్తూనే ఉంది.